ముందు ఒక మార్కు వేసుకోండి: డెకాథ్లాన్‌లో రెండు రోజులు గట్టెక్కే పద్ధతి

పోల్ వాల్ట్‌లో మూడోసారి కూడా బార్ నాతోపాటే కింద పడింది. ఎత్తు 3.80 మీటర్లు. ప్రాక్టీసులో 4.00 దాటేవాణ్ణి కాబట్టి 3.80 దగ్గర మొదలుపెట్టడమంటే తగ్గి మొదలుపెట్టినట్టే అనుకున్నాను. మూడు ప్రయత్నాలూ పోయాయి. స్కోరు షీట్లో నా పేరుకెదురుగా సున్నా. అదే 3.40 దగ్గర దిగి ఒక్కసారి దాటి ఉంటే 457 పాయింట్లు వచ్చేవి.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. జావెలిన్, 1500 మీటర్లు ఇంకా మిగిలుండగానే బ్యాగు సర్దుకున్నాను. డెకాథ్లాన్‌లో, అంటే రెండు రోజుల పది ఈవెంట్ల పోటీలో, ఒక ఈవెంట్‌కు దిగి విఫలమైతే దానికి సున్నా వేస్తారు, మిగతావి చేసుకోవచ్చు. ఏదైనా ఈవెంట్‌కు అసలు దిగకపోతే మాత్రం తుది జాబితాలో పేరే ఉండదు. ఎనిమిది ఈవెంట్లు చేసినవాణ్ణి, ఆ పోటీలో నేను లేనట్టే అయింది. మా కోచ్ సార్ ఒక్క మాట కూడా తిట్టలేదు. నా పోల్స్ రెండూ కవర్లో పెట్టి, తాడు బిగించి, "ఈటె నువ్వు తెచ్చుకుంటావా, నన్నే తెమ్మంటావా?" అన్నారు. ఆ ఈటె ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

పదకొండేళ్లు డెకాథ్లాన్ చేశాను. నా బెస్ట్ 6,500 పాయింట్లు కూడా దాటలేదు. ఇప్పుడు కుర్రాళ్లకు నేర్పిస్తున్నాను. నేను ఛాంపియన్‌ని కాను గానీ, ఛాంపియన్ల స్కోరు షీట్లు మాత్రం పిచ్చిపట్టినట్టు చదివాను. మొదటిసారి డెకాథ్లాన్‌కు దిగబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ ఈవెంట్ టెక్నిక్ అయినా మీ కోచ్ నేర్పిస్తారు. పదింటినీ కలిపి రెండు రోజులు ఎలా నడిపించుకోవాలన్నదే ఇక్కడ విషయం.

టేబుల్ చదవడం

మొదటి రోజు వరుసగా 100 మీటర్లు, లాంగ్ జంప్, షాట్‌పుట్, హై జంప్, 400 మీటర్లు. రెండో రోజు 110 మీటర్ల హర్డిల్స్, డిస్కస్, పోల్ వాల్ట్, జావెలిన్, 1500 మీటర్లు. ఎవరి ముందు వచ్చాం, ఎవరి వెనక వచ్చాం అన్నది లెక్కలోకి రాదు. మీ టైమును, దూరాన్ని, ఎత్తును పాయింట్లుగా మారుస్తారు. అలా మార్చడానికి ఇప్పుడు వాడుతున్న టేబుల్ 1985 నుంచి ఉన్నదే.

ఆ టేబుల్‌ను ప్రింట్ తీసుకుని గోడకు అంటించుకోండి. చూడాల్సింది వెయ్యి పాయింట్ల వరస కాదు, మీరున్న చోట ఒక్కో పాయింటు ఎంతకు దొరుకుతుందో. మా స్థాయి వాళ్లకు 100 మీటర్లలో 11.50 నుంచి 11.40కి వస్తే 21 పాయింట్లు పెరుగుతాయి. ఆ పదో వంతు సెకను కోసం ఒక సీజన్ మొత్తం పోవచ్చు. షాట్‌పుట్‌లో 12 మీటర్ల దగ్గర ఒక మీటరు పెరిగితే అరవై చిల్లర. హై జంప్‌లో 1.80 నుంచి 1.83కి, అంటే ఒక్క మెట్టుకు, 26. పోల్ వాల్ట్‌లో 4.00 దగ్గర పది సెంటీమీటర్లకు 28. 1500లో ఒక్కో సెకనుకు సుమారు ఆరే. కానీ 5 నిమిషాల 10 సెకన్లలో పరిగెత్తేవాడు 4 నిమిషాల 50 సెకన్లకు రావడం కొన్ని నెలల పని, దానికి 115 పాయింట్లు వస్తాయి. ఆ 115 పాయింట్లు 100 మీటర్లలో తెచ్చుకోవాలంటే అర సెకనుకు పైనే తగ్గాలి. అది చాలామందికి జన్మలో జరగదు.

తర్వాత ఒక నోటుబుక్కులో పది ఈవెంట్ల పేర్లు రాసి మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో మీ బెస్ట్. రెండో గడిలో ఈ మధ్య మామూలుగా వస్తున్న మార్కు. మూడో గడిలో వానలోనైనా, కాలు బెణికినా, నిద్రలో లేపి చేయమన్నా వచ్చే మార్కు. మొదటి గడిని కూడుకుని మురిసిపోవడం అందరం చేసే పనే, నేనూ చేశాను. మీ అసలు స్కోరు రెండో గడికీ మూడో గడికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మూడో గడిలో ఏదైనా ఖాళీ ఉంటే, అంటే "గ్యారంటీగా ఇంత" అని రాయలేకపోతే, ఈ సీజన్‌లో మీ పని ఆ ఈవెంట్ మీదే.

పెద్దవాళ్ల షీట్లు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2015లో బీజింగ్‌లో అమెరికా డెకాథ్లెట్ యాష్టన్ ఈటన్ 9,045 పాయింట్లు చేసి అప్పటి ప్రపంచ రికార్డు పెట్టాడు. 400 మీటర్లు 45.00లో పరిగెత్తి ఒక్క ఆ ఈవెంట్‌లోనే 1,060 తెచ్చుకున్నాడు. గుండు 14.52 మీటర్లే పడింది, 760. వేగంతో సంపాదించి, బలం తక్కువైన చోట ఖర్చు పెట్టుకున్నాడు. 2018లో ఫ్రాన్స్‌లోని తాలాన్స్‌లో కెవిన్ మేయర్ 9,126తో ప్రపంచ రికార్డు పెట్టాడు. అతని మొదటి రోజు స్కోరు 4,563, రెండో రోజు స్కోరూ 4,563. కావాలని చేసినా అలా కుదరదు. 400 మీటర్లలో ఈటన్ కంటే మూడు సెకన్లకు పైగా వెనకుండి, గుండు దాదాపు మీటరున్నర ఎక్కువ విసిరాడు. తొమ్మిది వేలకు దారి ఒక్కటే లేదు. మీ ఒంటికి ఏది నప్పుతుందో టేబుల్ ముందు కూర్చుని తేల్చుకోండి.

మొదటి రోజు

100 మీటర్ల గురించి ఒకటే మాట. డెకాథ్లాన్‌లో మొదటి ఫాల్స్ స్టార్ట్‌కు ఎవరినీ పంపెయ్యరు, ఆ తర్వాత ఎవరు చేసినా అవుట్. పక్క లేన్ వాడు ముందే లేచాడంటే ఇక మీ తప్పుకు చోటు లేదు. అప్పుడు తుపాకీ మోత పూర్తిగా చెవిలో పడ్డాకే కదలండి. పోయే వందో వంతులకు రెండో మూడో పాయింట్లు. కక్కుర్తి పడితే ఏడు వందలకు పైనే పోతాయి.

లాంగ్ జంప్ దగ్గర కాస్త ఆగి చెప్పాలి. మామూలు లాంగ్ జంప్ ఫైనల్‌కు వచ్చినవాడికి ఆరు ప్రయత్నాలు దొరకొచ్చు, మనకు మూడే. పైగా అప్పుడే 100 మీటర్లు పరిగెత్తి వచ్చాం. కాళ్లు వేడి మీద ఉంటాయి, అంగలు పొడుగ్గా పడతాయి. ప్రాక్టీసులో టేపుతో కొలిచి పెట్టుకున్న రన్నప్ గుర్తు, అంటే పరుగు మొదలుపెట్టే చోటు, పోటీ రోజున మనల్ని దూకే బోర్డు దాటించేస్తుంది. అందుకే మా కుర్రాళ్లతో మొదటి ప్రయత్నానికి గుర్తును ఒక బూటు పొడవు వెనక్కి జరిపిస్తాను. వెనక నుంచి గాలి ఉంటే ఇంకో అర బూటు. దూకాక ఇసుకలో ఎంత దూరం పడ్డామన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు వెనక్కి తిరిగి బోర్డు దగ్గర నిలబడ్డవాణ్ణి అడగండి, బొటనవేలు గీతకు ఎంత వెనక పడిందని. పది సెంటీమీటర్లు వెనక పడితే ఆ పదీ రెండో ప్రయత్నంలో ముందుకు జరుపుకోవచ్చు. 6.50 స్థాయిలో ఆ పది సెంటీమీటర్ల ఖరీదు 23 పాయింట్లు. ఫౌల్ అయితే దాని ఖరీదు మిగిలిన రెండు ప్రయత్నాల టెన్షన్.

రెండు ఫౌళ్ల తర్వాత మూడోదానికి పరిగెత్తడం ఎలా ఉంటుందో మేయర్‌ను అడగాలి. 2018 ఆగస్టులో బెర్లిన్‌లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్‌లో మూడు దూకులూ ఫౌల్ అయ్యాయి, పోటీ నుంచి తప్పుకున్నాడు. పైన చెప్పిన ప్రపంచ రికార్డు సరిగ్గా ఆ మరుసటి నెలలో పెట్టిందే. నెల రోజుల్లో మనిషి బలం మారిపోదు కదా.

షాట్‌పుట్‌లో గుండు ఎంత బాగా పడినా సర్కిల్ వెనక సగం నుంచే బయటికి రావాలి. నవ్వకండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్ల బాబ్ మథాయస్ గుండు విసిరి, ముందు వైపు నుంచి నడిచొచ్చి ఫౌల్ చేశాడు. అప్పటికి డెకాథ్లాన్ మొదలుపెట్టి కొన్ని నెలలే, ఆ రూల్ తెలియదు. అయినా స్వర్ణం అతనిదే. మీరు మాత్రం ప్రాక్టీసులో కూడా ప్రతిసారీ వెనక నుంచే బయటికి రండి, అలవాటైపోవాలి.

హై జంప్ చాలాసేపు సాగుతుంది. బార్ మూడేసి సెంటీమీటర్లు పెరుగుతూ పోతుంది. ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య నిలబడకండి, కూర్చోండి. నిలబడి కబుర్లు చెప్పేవాళ్లంతా 400లో ఆఖరి వంద మీటర్ల దగ్గర నాకు దొరికేవాళ్లు.

400 గురించి చెప్పడానికేమీ లేదు. పరిగెత్తాలి, నొప్పిగా ఉంటుంది.

మధ్యలో రాత్రి

400 అయ్యాక పడుకోవాలనిపిస్తుంది. పడుకోకండి. పదిహేను నిమిషాలైనా నడవండి, మెల్లగా జాగింగ్ చేయండి. ఏదైనా తినండి, ఆకలి లేకపోయినా తినండి. కాళ్లు గోడకు ఆనించి కాసేపు పడుకోండి. రేపటి స్పైక్స్, పోల్ టేపు, రన్నప్ గుర్తుకు వాడే టేపు అన్నీ రాత్రే బ్యాగులో పెట్టుకోండి. పాయింట్లు మాత్రం కూడకండి. ఒకసారి నేను రాత్రంతా "హర్డిల్స్‌లో ఇంత, డిస్కస్‌లో ఇంత" అని లెక్కలేసుకుంటూ నిద్ర పాడుచేసుకున్నాను. తెల్లారి హర్డిల్స్‌లో మూడోదాన్ని మోకాలితో గుద్దాను. లెక్కంతా అక్కడే పోయింది.

రెండో రోజు

పొద్దున లేవగానే మెట్లు దిగి చూడండి. పిక్కలు పట్టేసి ఉంటే వార్మప్ ఇంకో ఇరవై నిమిషాలు ముందు మొదలుపెట్టాలి. హర్డిల్ ఎత్తు 1.067 మీటర్లు, అలాంటివి పది. నిన్న 400 పరిగెత్తిన నడుముకు అవి చాలా ఎత్తుగా కనిపిస్తాయి. వార్మప్‌లో మొదటి రెండు హర్డిల్స్ మీదుగా కనీసం మూడుసార్లు పూర్తి వేగంతో వెళ్లండి. మొదటిదాన్ని సరిగ్గా దాటితే మిగతా తొమ్మిదింటికీ లయ దానంతటదే వస్తుంది.

డిస్కస్‌లో మళ్లీ మూడే ప్రయత్నాలు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు చెందిన డేలీ థాంప్సన్‌కు ఇక్కడే ఊపిరాడలేదు. పశ్చిమ జర్మనీకి చెందిన జుర్గెన్ హింగ్సెన్ 50.82 మీటర్లు విసిరాడు. థాంప్సన్ మొదటి రెండూ బాగా తక్కువ పడ్డాయి, ఆధిక్యం చేజారేలా ఉంది. మూడోది 46.56 పడి నిలబడ్డాడు. ఆ కథ వినడానికి బాగుంటుంది. మూడోది పడకపోయి ఉంటే మనకు ఆ కథే ఉండేది కాదు. మీరు మొదటి విసురు పూర్తి తిరుగుడుతోనే విసరండి గానీ బలం ముప్పావు వంతే పెట్టండి. డిస్క్ వల తగలకుండా గీతల మధ్య సెక్టార్‌లో పడాలి, అంతే. రెండోదానికి కాస్త పెంచండి. మూడోదానికి మీ ఇష్టం.

ఇక పోల్ వాల్ట్. సున్నాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

మొదలుపెట్టే ఎత్తు ఎంతో పోటీకి వారం ముందే రాసిపెట్టుకోండి. గ్రౌండ్‌లో నిర్ణయించకండి, అక్కడ పక్కవాడి ఎత్తు చూసి సిగ్గేస్తుంది. నా లెక్క ఇది. గత ఐదు ప్రాక్టీసుల్లో మొదటి ప్రయత్నంలోనే దాటిన ఎత్తులు తీసుకోండి. వాటిలో తక్కువదాన్ని పట్టుకుని ఇంకో ఇరవై సెంటీమీటర్లు తగ్గించండి. నాకైతే అది 3.40 వచ్చేది. "మరీ అంత కిందా?" అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

కింద మొదలుపెడితే ఎక్కువ ప్రయత్నాలు చేయాలి, అలసిపోతాం అన్నది అందరూ చెప్పే కారణం. సగం నిజమే. కానీ పైన మొదలుపెట్టేవాడు గంటా గంటన్నర ట్రాక్‌సూట్‌లో కూర్చుని చల్లబడిపోతాడు. ఆ తర్వాత ఒకేసారి లేచి పరిగెత్తితే మొదటి ప్రయత్నం వార్మప్‌కే సరిపోతుంది. అంటే మిగిలింది రెండే. ఒక మార్కు పడ్డాక ఎత్తులు వదులుకుంటూ పోవచ్చు. బార్ పదేసి సెంటీమీటర్లు లేస్తుంది. 3.40 దాటాక 3.50, 3.60 వదిలేసి 3.70కి దిగితే ఒంట్లో శక్తీ మిగులుతుంది, షీట్లో ఒక అంకె కూడా ఉంటుంది.

ఇంకో రెండు చిన్న సంగతులు. బార్ స్టాండ్లను పోల్ గుచ్చే పెట్టె దగ్గర నుంచి మ్యాట్ వైపు 80 సెంటీమీటర్ల వరకు జరిపించుకోవచ్చు. మీకు ఎంత కావాలో ముందే అధికారికి చెప్పండి, మీ వంతు వచ్చాక కంగారులో నోరు పెగలదు. రెండోది, మెత్తటి పోల్ ఒకటి తప్పకుండా తీసుకెళ్లండి. ఆ రోజు నేను గట్టి పోల్ పట్టుకున్నాను. ఎదురుగాలి లేచింది, రన్నప్‌లో వేగం తగ్గింది, పోల్ వంగలేదు. నేను పైకి వెళ్లానే గానీ బార్ అవతలికి వెళ్లలేదు. నిటారుగా దిగుతూ బార్‌ను ఛాతీతో తోసేశాను. మూడుసార్లూ అచ్చంగా అలాగే. మెత్తటి పోల్ కవర్లోనే ఉంది.

నాలాంటివాడికే కాదు. 1992లో అమెరికా ఒలింపిక్ ట్రయల్స్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ డాన్ ఓబ్రయన్ ముందంజలో ఉండి, 4.80 దగ్గర మొదలుపెట్టి మూడుసార్లూ తప్పాడు. బార్సిలోనా ఒలింపిక్స్ పోయాయి. టోక్యో ఒలింపిక్స్‌లో 9,018తో స్వర్ణం గెలిచిన డేమియన్ వార్నర్, 2024 పారిస్‌లో పతకం రేసులో ఉండగా 4.60 దాటలేక సున్నా వేయించుకున్నాడు. ఓబ్రయన్ మాత్రం నాలా బ్యాగు సర్దుకోలేదు, మిగతా ఈవెంట్లు చేశాడు. అదే ఏడాది సెప్టెంబరులో 8,891తో ప్రపంచ రికార్డు పెట్టాడు, 1996 అట్లాంటాలో ఒలింపిక్ స్వర్ణమూ గెలిచాడు. నేను మరుసటి సీజన్‌లో 3.40 దగ్గర మొదలుపెట్టి 3.90 దాటాను. ఇద్దరికీ పోలిక అంతటితో సరి.

జావెలిన్‌కు ముందు మోచెయ్యి వేడెక్కించండి. ఒక జాగ్రత్త ప్రాక్టీసుకు సంబంధించింది. అందరూ విసరడం అయ్యేదాకా ఈటె తెచ్చుకోవడానికి మైదానంలోకి వెళ్లకండి. నేలలో గుచ్చుకున్న ఈటె వైపు పరిగెత్తకండి, దాని తోక కంటికి తగిలే ఎత్తులో ఉంటుంది. తొమ్మిది వేలు దాటిన మొదటి మనిషి రోమన్ షెబర్లే 2007 జనవరిలో దక్షిణాఫ్రికాలో ట్రైనింగ్‌లో ఉండగా ఎవరో విసిరిన ఈటె అతని భుజంలో దిగింది. అదే ఏడాది ఒసాకాలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడన్నది వేరే సంగతి. అందరికీ అలాంటి అదృష్టం ఉండదు.

1500

ఇక్కడికి వచ్చేసరికి ఎవరికీ కాళ్లుండవు. అందుకే ముందే లెక్క కావాలి. పాయింట్లు కూడొద్దన్నది రాత్రికే, ఇప్పుడు కూడాలి. మీ పైవాడికీ మీకూ తేడా ఎంతో చూసి ఆరుతో భాగించండి. 30 పాయింట్ల తేడా ఉంటే అతన్ని ఐదు సెకన్లకు పైగా ఓడించాలి. మీరే ముందుంటే ఇంకా తేలిక. అతని వీపు కనబడేంత దూరంలో ఉంటే చాలు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో రేఫర్ జాన్సన్ చేసింది సరిగ్గా అదే. ప్రత్యర్థి సి.కె. యాంగ్ అతనితో కలిసి ఒకే కోచ్ దగ్గర ట్రైనింగ్ అయినవాడు. పదిలో ఏడు ఈవెంట్లలో యాంగే పైచేయి. అయినా 1500కి ముందు జాన్సన్‌కు 67 పాయింట్ల ఆధిక్యం ఉంది, ఎందుకంటే యాంగ్ గెలిచినవి కొద్ది తేడాలతో, విసిరే ఈవెంట్లలో ఓడినవి పెద్ద తేడాలతో. యాంగ్ సుమారు పది సెకన్ల తేడాతో గెలవాలి. జాన్సన్ అతని వెనకే అంటుకుని పరిగెత్తి అతని తర్వాత 1.2 సెకన్లకు గీత దాటాడు. 58 పాయింట్లతో స్వర్ణం అతనిది. ముందుకెళ్లే ప్రయత్నం కూడా చేయలేదు.

వెంటాడాల్సింది మనిషిని కాదు, గడియారాన్నైతే ల్యాప్ టైములు అరచేతిలో పెన్నుతో రాసుకోండి. 4 నిమిషాల 50 సెకన్లు కావాలంటే మొదటి 300 మీటర్లు 58 సెకన్లు, ఆ తర్వాత మూడు ల్యాపులు ఒక్కోటి 77 సెకన్లు, కాస్త పైన. అందరూ మొదటి 300 యాభైలో పరిగెత్తి రెండో ల్యాపులో కూలబడతారు. రాసుకున్న అంకె కంటే వేగంగా పోతున్నారని తెలిస్తే తగ్గండి, సిగ్గుపడకండి. బీజింగ్‌లో ఈటన్‌కు రికార్డు కోసం 4:18.25 కావాల్సి ఉంటే 4:17.52లో వచ్చాడు. థాంప్సన్ లాస్ ఏంజెలెస్‌లో ఆఖర్లో నెమ్మదించి 4:35.00లో వచ్చాడు. స్వర్ణం వచ్చింది, అప్పటి ప్రపంచ రికార్డుకు మాత్రం ఒక్క పాయింటు తగ్గింది. తర్వాత హర్డిల్స్ ఫోటో ఫినిష్‌ను మళ్లీ చూసి ఆ ఒక్క పాయింటూ కలిపారు. మీ జిల్లా మీట్లో ఎవరూ మళ్లీ చూడరు. గీత దాటేదాకా పరిగెత్తండి.

గీత దాటాక అందరూ ట్రాక్ మీద వెల్లకిలా పడిపోతారు. మీరూ పడండి, కాసేపే. లేచాక మిగతావాళ్ల చేతులు పట్టుకుని లేపండి, కలిసి ఒక రౌండు నడవండి. ఇది డెకాథ్లాన్‌లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. రాత్రికి నోటుబుక్కు తీసి పది మార్కులూ రాయండి. పోల్ వాల్ట్ పక్కన దాటిన ఎత్తు ఒక్కటే కాకుండా ఎక్కడ మొదలుపెట్టారో, ఏ పోల్ పట్టుకున్నారో, గాలి ఎటు వీచిందో కూడా రాయండి. నా పాత నోటుబుక్కులో ఆ రోజు పేజీలో ఎనిమిది అంకెలే ఉన్నాయి, ఎనిమిదోది సున్నా. దాని కింద "3.40" అని సార్ చేతిరాత.